ఈ బిడ్డను పెంచుతున్నదెవరు?

బడి రిజిస్టరులో తండ్రి పేరుంటుంది, ఆయన గుంటూరు మిరప చేలో ఉంటాడు. తల్లి పేరుంటుంది, ఆమె కువైట్‌లో ఉంటుంది. కర్నూలు, కడప జిల్లాల్లో వయసుకొస్తున్న పిల్లలకు అండగా నిలవాలంటే ఎవరి గడప తొక్కాలి?

డిసెంబరు మొదటి వారం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు... పడమటి కర్నూలులో ఏ ఊరైనా తీసుకోండి. పొద్దు గూకేసరికి రచ్చకట్ట పక్కన లారీ వచ్చి ఆగుతుంది. బియ్యం మూటలు, వంట సామాను, బిందెలు, దుప్పట్లు, గుడిసెల మీద కప్పడానికి టార్పాలిన్ పట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ పేర్లు పిలుస్తుంటాడు. చంకన బిడ్డతో ఒకామె, కాళ్లకు అడ్డం పడుతున్న మేకపిల్లను తోలుకుంటూ ఒకాయన, బడి సంచీని మూటలో కుక్కేసుకున్న తొమ్మిదో తరగతి పిల్ల. అరుగు మీద అవ్వ, ఆమె పక్కన ఇద్దరు చిన్నపిల్లలు మిగులుతారు. లారీ సుగ్గి బాట, అంటే కోత పనుల వలస బాట, పడుతుంది. గుంటూరు, పల్నాడు మిరప చేలలో ఏరివేత ముగిసే దాకా, అంటే ఉగాది అటూ ఇటూ వరకు ఆ ఇళ్లలో చాలావాటికి తాళమే. అదే వారంలో అదే ఊరి బడిలో ముగ్గులు పడతాయి, షామియానా లేస్తుంది, కుర్చీలు వేస్తారు. తల్లిదండ్రులతో సమావేశం.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడప మునిసిపల్ హైస్కూలుకు వచ్చారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాగుడు పెట్టారు. 2025 జులైలో రెండోసారి, డిసెంబరులో మూడోసారి జరిపారు. చదువు గురించి మాట్లాడాలంటే ఇంటివాళ్లను పిలవాలన్న ఆలోచన మంచిదే. దానిమీద ఊళ్లలో జరుగుతున్న చర్చా మంచిదే. కానీ పిలుపు అందుకున్న ఇల్లు ఎలాంటిదన్న ప్రశ్న ఆ చర్చలో పెద్దగా వినపడటం లేదు. జులై అంటే సీమలో విత్తనం వేసే అదను. డిసెంబరు అంటే సుగ్గి. ఫారంలో తల్లి, తండ్రి అని రెండు గళ్లున్నాయి. బిడ్డకు అన్నం పెట్టేదీ, కేకలేసేదీ, పెళ్లి మాట ఎత్తేదీ ఆ రెండు గళ్లలో లేని మనిషైతే సమావేశంలో ఎవరు కూర్చోవాలి?

ఈ రెండు జిల్లాల్లో యువతను ఆదుకోవడానికి పథకాలకు కొదవ లేదు. వసతి గృహాలున్నాయి, ఉపకార వేతనాలున్నాయి, తల్లి ఖాతాలో పడే డబ్బుంది, హెల్ప్‌లైన్లున్నాయి. వీటిలో చాలా వరకు పిల్లను లేదా పిల్లవాణ్ని ఒంటరి మనిషిగా లెక్కగడతాయి. ఇల్లు, కులం, తండా, జమాత్, ఇంటి భాష... ఇవన్నీ దాటి రావలసిన అడ్డంకులన్నట్టు చూస్తాయి. ఇక్కడి బతుకు తీరు వేరు. పదిహేనేళ్ల వయసులో చదువు కొనసాగుతుందా, సుగ్గికి పోవాలా, పెళ్లా, బెంగళూరా అన్న నిర్ణయం పిల్లల చేతిలో ఉండదు. చాలాసార్లు తల్లిదండ్రుల చేతిలో కూడా ఉండదు. అది జరిగే చోటికి, అక్కడి భాషలో, అక్కడి తీరిక వేళకు చేరని సాయం కాగితం మీదే మిగులుతుంది.

కలిసి బతకడం తెలిసిన నేల

ఇక్కడి కుటుంబాల్లోని వైవిధ్యం కొత్తగా వచ్చిపడింది కాదు. ఆదోని, హొళగుంద, కౌతాళం ప్రాంతాల్లో ఇంట్లో కన్నడం మాట్లాడి బజార్లో తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ప్రభుత్వ కన్నడ మాధ్యమ బడులూ ఉన్నాయి. కర్నూలు, కడప పాత పేటల్లో దక్కనీ ఉర్దూ ఇంటి భాష. సుగాలి తండాల్లో గోర్‌బోలి. నల్లమల గూడేల్లో చెంచుల తెలుగుకు తనదైన యాస. మంత్రాలయం మఠానికి మంచాల గ్రామాన్ని ఇచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని మఠ సంప్రదాయమే చెబుతుంది. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు బియ్యం, బెల్లం, చింతపండు పట్టుకొస్తారు. బీబీ నాంచారి తమ ఆడబిడ్డ కాబట్టి వెంకన్న తమ అల్లుడని వాళ్ల లెక్క. అదే ఉగాదికి కన్నడ భక్తులు నడిచి శ్రీశైలం చేరతారు, భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని. పీర్ల పండుగలో నిప్పుల గుండం తొక్కేవాళ్లలో హిందువులు ఎంతోమంది. హుస్సేనప్ప, మస్తానమ్మ, దస్తగిరి అన్న పేర్లు హిందువుల ఇళ్లలో వినడం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

ఇలాంటి ఉదాహరణలు చెప్పి మురిసిపోవడం తేలిక. గుండం తొక్కినంత మాత్రాన బడి మానేసిన కుర్రాడు తిరిగి తరగతిలో కూర్చోడు. అయినా వీటిని ఇక్కడ ప్రస్తావించడానికి కారణముంది. రెండు ఇళ్లకు చెందిన యువకుణ్ణి ఏం చేయాలన్న ప్రశ్నను ఈ నేల ఏనాడో వేసుకుంది. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య పుట్టుకతో దూదేకుల బిడ్డ. ఊరు ముడుమాల. కొడుకు ఇల్లు విడిచి స్వామి వెంట పోతే తల్లిదండ్రులు ఊరుకోలేదు, నవాబుదాకా వెళ్లారని కథ. బ్రహ్మంగారి నాటకం ఆడే ఊళ్లలో ఆ ఘట్టం తెలియనివాళ్లు అరుదు. 1984లో సినిమాగా వచ్చినప్పుడు ఎన్.టి. రామారావు వీరబ్రహ్మంగా, బాలకృష్ణ సిద్ధయ్యగా వేశారు. జనం కథను చెప్పుకున్న తీరు చూడండి. గురువు గొప్పతనం ఎంత నిలిచిందో, కొడుకు కోసం వెంటపడిన అమ్మానాన్నల బాధా అంత నిలిచింది. కుర్రాడి కోరికనూ ఇంటివాళ్ల భయాన్నీ ఒకే కథలో పట్టుకోవడం జనానికి తెలుసు. మన పథకాలకు ఆ నేర్పు ఇంకా అబ్బలేదు.

▣ అంకెల్లో రెండు జిల్లాలు
*2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు జనాభా సుమారు 40.5 లక్షలు, ఉమ్మడి కడప జనాభా 28.8 లక్షలు. అక్షరాస్యత కర్నూలులో దాదాపు 60 శాతం, కడపలో 67 శాతం. కర్నూలు మహిళల్లో అది 50 శాతం దగ్గరే ఆగింది. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. చెంచు గూడేలున్న నల్లమల వైపు ఎక్కువగా నంద్యాలకు, గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న రాయచోటి, రాజంపేట వైపు అప్పట్లో అన్నమయ్యకు వెళ్లాయి.*

అమ్మ కువైట్‌లో, బిడ్డ జేజి దగ్గర

కడప వైపు కథ సుగ్గిలాంటిది కాదు. రాయచోటి, రాజంపేట, కోడూరు, కడప చుట్టుపక్కల నుంచి ముస్లిం, దళిత, వెనుకబడిన కులాల ఇళ్ల ఆడవాళ్లు దశాబ్దాలుగా ఇంటిపనికి కువైట్ పోతున్నారు. వాళ్ల రక్షణ కోసం కేంద్రం ఒక నిబంధన పెట్టింది. పదో తరగతి పాసుకాని మహిళ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండి ఉండాలి. చిన్న వయసు ఆడపిల్లలు మోసపోకుండా ఉండాలన్నది ఉద్దేశం. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఇంటి వైపు నుంచి ఒకసారి లెక్క వేసి చూడండి. పద్దెనిమిదికో పంతొమ్మిదికో పెళ్లయిన ఆడమనిషికి ముప్ఫై వచ్చేసరికి పెద్దబిడ్డకు పది, పదకొండేళ్లు. బిడ్డ ఈడుకు వచ్చే సమయానికి, తల్లితో చెప్పుకోవలసిన మాటలు మొదలయ్యే సమయానికి తల్లి విమానం ఎక్కుతుంది. తల్లిని కాపాడే నిబంధనకు బిడ్డ వైపు జోడీగా ఒక్క ఏర్పాటూ లేదు.

అలాంటి ఇంట్లో బిడ్డను పెంచేది జేజి, అమ్మమ్మ, నానీ, లేదంటే చిన్నమ్మ. నెలనెలా డబ్బు వస్తుంది కాబట్టి ఇల్లు పేదదిగా కనపడదు. పిల్లవాడి చేతిలో మంచి ఫోనుంటుంది, కొందరికి బైకూ ఉంటుంది. ఊళ్లో 'దుబాయి డబ్బు, బాగా చెడిపోయాడు' అనే మాట తేలిగ్గా పడుతుంది. డబ్బు తల్లి పంపుతుంది, అదుపు అవ్వ చేయాలి, సంతకం తండ్రిది. మూడూ మూడు చోట్ల ఉన్న ఇంట్లో పదహారేళ్ల కుర్రాడు దారి తప్పితే ఆశ్చర్యమేముంది?

ఆడపిల్లయితే భయం ఇంకో రూపంలో వస్తుంది. బాల్య వివాహం అనగానే చదువులేనితనం, మూఢాచారం అని రాసిపారేస్తాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల మహిళల్లో దాదాపు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఈ అంకె వెనకున్న ఇళ్లలో ఒక రకం ఇల్లుంది. 'వయసుకొచ్చిన పిల్లను నేనెన్నాళ్లు కాచుకునేది? నాకేమన్నా అయితే?' అనే అరవై ఐదేళ్ల ముసలామె ఇల్లది. సుగ్గికి పోయే తల్లిదండ్రుల భయమూ ఇదే. వదిలిపెడితే ఊళ్లో ఎవరు చూస్తారు, వెంట తీసుకుపోతే చేలో గుడిసెకు తలుపుండదు. పెళ్లి వాళ్లకు ఒక కాపలా. ఆ ముసలామెకు చట్టంలోని సెక్షన్లు చదివి వినిపిస్తే తల ఊపుతుంది, భయం మాత్రం తీరదు. దగ్గర్లోని కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు, అక్కడ పిల్లను చూసుకునే మనిషితో ముఖాముఖి మాట, నెలకోసారి వెళ్లి చూసొచ్చే వీలు చూపిస్తే ఆమె భయానికి నిజమైన జవాబు దొరికినట్టే. హెల్ప్‌లైన్ నంబరు అతికించిన గోడకూ ఆ ఇంటి గడపకూ మధ్య దూరం నడవాల్సింది మనమే, ఆమె కాదు.

ఒక్క పేరు కింద ఎన్ని ఇళ్లు

'ముస్లిం యువత' అని ఒక పథకం రాసేస్తే సరిపోతుందనుకునేవాళ్లు కర్నూలు బజార్లో ఒక గంట నిలబడి వినాలి. దక్కనీ మాట్లాడే ఇంటి కుర్రాడు ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేస్తాడు. ఆ తర్వాత ఉర్దూలో చదువు సాగించే కాలేజీలు కొన్నే. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ కర్నూలులో ఉస్మానియా కాలేజీ నెలకొల్పారు. ఆయన పేరు మీదే 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయింది. పై అంతస్తు బాగానే ఉంది. పదో తరగతికీ విశ్వవిద్యాలయానికీ మధ్య మెట్లు చాలక ఎంతోమంది మెకానిక్ షెడ్ల దగ్గరే ఆగిపోతున్నారు. దూదేకుల ఇంటి కుర్రాడి సంగతి ఇంకోటి. అతని ఇంటి భాష తెలుగు, కులం బీసీ–బి. మసీదులో ఉర్దూ రాదని చిన్నచూపు, ఊళ్లో సాయిబు అన్న పిలుపు. కడప జిల్లా వేంపల్లె నుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇలాంటి పేద ముస్లిం ఇళ్ల లోపలి సంగతులు తెలుసుకోవాలంటే అధికారుల నివేదికల కన్నా ఆ కథలు నయం.

బోయల సంగతి చూడండి. కర్ణాటక సరిహద్దుకు అటు బళ్లారి జిల్లాలో మేనమామ కొడుకు షెడ్యూల్డ్ తెగ, ఇటు ఆదోని వైపు మేనత్త కొడుకు బీసీ–ఏ. పెళ్లిళ్లూ పండుగలూ ఒకటే, సర్టిఫికెట్లు మాత్రం వేరు. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ బోయ, వాల్మీకులను ఎస్టీల్లో చేర్చాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది వేరే చర్చ. ఒకే కుటుంబంలోని ఇద్దరు యువకులకు రెండు భవిష్యత్తులు చూపిస్తే ఇంట్లో చదువు మీద నమ్మకం ఎలా నిలుస్తుంది అన్నది మాత్రం ఇక్కడి ప్రశ్న. సుగాలి పిల్లల విషయంలో రాష్ట్రానికి ఒక మంచి అనుభవముంది. 2004లో మొదలైన గిరిజన భాషల బోధన కార్యక్రమంలో వాళ్ల బంజారా భాషకూ చోటిచ్చారు. ఇంటి మాటతో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకురావడం దాని పద్ధతి. అది ప్రధానంగా ఏజెన్సీ బడుల కోసం రూపొందింది. మైదానంలో ఉన్న సీమ తండా అంగన్‌వాడీలో మూడేళ్ల పిల్ల ఇప్పటికీ మొదటి రోజే పరాయి భాషలో కూర్చుంటుంది.

'పెద్దల చేతికిస్తే పిల్లల గతేంకాను?'

కుటుంబాన్ని, కులపెద్దలను కలుపుకుపోవాలనగానే వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. చదువు మాన్పించేది ఇల్లే, పెళ్లి చేసేది ఇల్లే, కులాంతర ప్రేమకు కర్ర తీసేది పెద్దలే. మళ్లీ వాళ్ల చేతికే పగ్గాలిస్తారా అని అడుగుతారు. పగ్గాలు ఇవ్వమని ఎవరూ అనడం లేదు. పెళ్లి వయసు, బడి హక్కు, ప్రాణభద్రత బేరం పెట్టే విషయాలు కావు. అక్కడ పోలీసులూ, బాలల సంక్షేమ కమిటీలూ తమ పని చేయాల్సిందే. కానీ ఆ గీత దాకా రాని వేల నిర్ణయాలున్నాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు, హాస్టల్లో చేర్చడమా ఇంటి దగ్గరుంచడమా, తాగుడు మొదలుపెట్టిన కొడుకుతో ఎవరు మాట్లాడాలి... వీటిని పెద్దలు లేకుండా తేల్చేద్దామనుకుంటే జరిగేది ఒకటే. కౌన్సెలింగ్ ఇచ్చిన సాయంత్రం పిల్ల మళ్లీ ఆ ఇంటికే పోతుంది. కమిటీ మనిషి లేనప్పుడు ఆ ఇంట్లో మాట చెల్లేది జేజిదో, చిన్నాయనదో. వాళ్లను ఒప్పించడానికి పెట్టని గంట, తర్వాత పోలీసు స్టేషన్లో పెట్టాల్సి వస్తుంది. పిల్లల మాట కూడా అదే కూర్చోబెట్టిన చోట వినపడాలి. ఆ షరతు పెట్టే అధికారం బడికీ, గ్రామ సచివాలయానికీ ఉంది.

▣ న్యూజిలాండ్ ఏం చేసింది?
*మావోరీ పిల్లలను ఇళ్ల నుంచి తీసి సంస్థల్లో పెట్టే పద్ధతి మీద ఆ జాతి పెద్దలు తీవ్రంగా నిరసన తెలిపారు. ఆ తర్వాత వచ్చిన ఒక అధికారిక నివేదిక ఆ విమర్శ నిజమేనంది. 1989లో చేసిన చట్టం ప్రకారం పిల్లవాడు కష్టంలోనో నేరంలోనో చిక్కుకుంటే విస్తృత కుటుంబాన్ని పిలిచి కూర్చోబెట్టాలి. అధికారులు వివరాలు చెప్పి పక్కకు తప్పుకుంటారు. కుటుంబం తమలో తాము మాట్లాడుకుని ఒక ప్రణాళికతో వస్తుంది. పిల్లవాడి క్షేమానికి అది చాలదనిపిస్తే అధికారులు కాదనగలరు. ఈ పద్ధతిని తర్వాత అనేక దేశాలు తీసుకున్నాయి.*

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. సీమలో ఇదంతా సంస్కృతి సమస్య కాదు, నీళ్ల సమస్య అంటారు. తుంగభద్ర పక్కనే పారుతున్నా చేలు ఎండుతున్నాయి. గుండ్రేవుల జలాశయం, వేదవతి ఎత్తిపోతలు, రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కుడి కాలువ పూర్తయితే సుగ్గి దానంతటదే తగ్గుతుంది, అప్పుడు ఈ సమావేశాలతో పనేముంది అని. ఇందులో చాలా నిజముంది. ఇంటి దగ్గర కూలి దొరికితే పిల్లను వెంటబెట్టుకుని అంత దూరం ఎవరు పోతారు? కాకపోతే ప్రాజెక్టు ఆలస్యం పదేళ్లలో లెక్క, పిల్ల తొమ్మిదో తరగతి పది నెలల్లో లెక్క. నీళ్ల కోసం పోరాడుతూనే ఈ ఏడాది లారీ ఎక్కబోయే పిల్ల గురించి మాట్లాడవచ్చు, రెండింటికీ పోటీ లేదు. పైగా నీళ్లొచ్చిన ఊళ్లలోనూ కువైట్ ప్రయాణాలు ఆగలేదని కోడూరు వైపు పండ్ల తోటలే సాక్ష్యం.

మూడోది, ఒక్కో కులానికీ భాషకూ వేరే ఏర్పాటంటే ఊరు ముక్కలవుతుందన్న భయం. వేరే బడులు, వేరే హాస్టళ్లు కడితే ఆ ప్రమాదం నిజమే. ఇక్కడ అడుగుతున్నది ఒకే బడి తన దగ్గరికొచ్చే ఇళ్లన్నిటినీ గుర్తుపట్టాలని. సర్కారు బడి వదిలేసిన ఇంటిని ఎవరో ఒకరు చేరదీస్తారు. మతం పేరుతో వచ్చేవాడికైనా, ముఠా పేరుతో వచ్చేవాడికైనా ఆ ఇంటి భాషా, వేళా తెలిసే ఉంటాయి.

మేస్త్రీని కూడా పిలవాలి

ఉన్న ఏర్పాట్లలో ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చింది సీజనల్ హాస్టల్. వలసపోయిన ఇళ్ల పిల్లలను ఊరి బడిలోనే ఉంచుకుని తిండి, పడక చూసుకుంటారు. పిల్ల ఊరు విడవదు, అవ్వకు దూరం కాదు, తల్లిదండ్రులకు కూలీ పోదు. దీనికీ రెండు చిక్కులున్నాయి. హాస్టళ్లు తెరిచేసరికే కొన్ని లారీలు కదిలిపోయి ఉంటాయన్నది పడమటి మండలాల్లో ఏటా వినిపించే ఫిర్యాదు. రెండోది, వీటిని ప్రధానంగా పద్నాలుగేళ్ల లోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. మిరప చేలో ఎన్ని చేతులుంటే అంత కూలి కాబట్టి, పెద్దమనిషితో సమానంగా ఏరగల పదిహేనేళ్ల పిల్లకే లారీలో మొదటి చోటు. అంటే అవసరం ఎక్కువయ్యే వయసుకే ఆసరా తెగిపోతుంది.

లారీ ఎప్పుడు కదులుతుందో జిల్లా అధికారి కన్నా ముందు తెలిసేది మేస్త్రీకి. అడ్వాన్సులు ఇచ్చేది ఆయనే, ఎవరింటి నుంచి ఎన్ని చేతులో లెక్కపెట్టుకునేది ఆయనే. విద్యాశాఖ సమావేశాలకు ఆయన్ను పిలవాలన్న ఆలోచన చాలామందికి ఇబ్బందిగా తోచవచ్చు. బాలకార్మిక చట్టం ప్రకారం కేసు పెట్టాల్సిన మనిషిని కుర్చీ వేసి కూర్చోబెడతారా అని. చట్టం ఆయనకు ముందే తెలియజెప్పి, తొమ్మిది, పది తరగతుల పిల్లల పేర్లు జాబితా నుంచి తీసేయించడం, పాతిక పేర్లు లారీ ఎక్కాక గుంటూరు చేలల్లో వెతకడం కన్నా సులువు. అక్టోబరులో, అడ్వాన్సులు చేతులు మారే రోజుల్లో, ఆ మాట జరగాలి.

ఖర్చు గురించి అడిగేవాళ్లకు చెప్పవలసింది కొంచెమే. విద్యాహక్కు చట్టం (2009) బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకూ సంరక్షకులకూ ఇచ్చింది. సంరక్షకులన్న మాట చట్టంలోనే ఉంది కాబట్టి జేజిని సభ్యురాలిగా తీసుకోవడానికి కొత్త జీవో అక్కర్లేదు. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులున్నారు. ఏ ఇంట్లో ఎవరు కువైట్‌లో ఉన్నారో, ఎవరు సుగ్గికి పోతారో వాళ్లకు ఇప్పటికే తెలుసు. ఆ వివరం బడి రిజిస్టరులోకి ఎక్కడమే లేదు. 'తల్లి', 'తండ్రి' గళ్ల కింద 'ప్రస్తుతం పెంచుతున్నవారు', 'ఇంటి భాష', 'ఇంటివాళ్లు ఊళ్లో ఉండే నెలలు' అని మూడు గళ్లు కలిపితే చాలు. పడమటి మండలాల్లో సమావేశాన్ని సుగ్గివాళ్లు తిరిగొచ్చే ఉగాది వారానికి మార్చవచ్చు. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. 2015లో ఆ దేశం చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు వారానికో రోజు సెలవిచ్చింది. అది అన్ని ఇళ్లలోనూ అమలవుతోందని చెప్పలేం గానీ, రాయచోటి వైపు బడుల్లో నెలకో రోజు తరగతి టీచరు ఫోను కువైట్ అమ్మల కోసం తెరిచి ఉంచాలంటే ఆ తేడా చూసుకుని రాత్రి తొమ్మిది తర్వాత పెట్టుకోవాలి. ఆ అదనపు గంటకు టీచరుకు ఏమిస్తారన్నది సమగ్ర శిక్ష బడ్జెట్లో తేల్చాల్సిన విషయం. వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్ ఫారాలు అచ్చుకు పోకముందే తేలితే మంచిది.